నల్లగుట్టకు ఎడమ దారి

రిస్సానీ,
ఖర్జూరం కోతలు ముగిసిన వారం.

మా అమ్మకు, నీ రెండో కూతురు ఇజ్జా నీ చేతులు ముద్దుపెట్టుకుని రాసే ఉత్తరం.

అల్లా దయవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. నీ అల్లుడు మోహా క్షేమం, తమ్ముడు హమ్మూ క్షేమం, నువ్వు పేరుపెట్టి మరీ అడిగిన ఎర్రమేక కూడా క్షేమం. మోహా కుడిచేతి బొటనవేలు ఒక్కటే కాస్త అటూ ఇటూగా ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను. తాంజియర్‌లో నువ్వూ, యమ్నా అక్కా, పిల్లలూ బాగున్నారనీ, సముద్రపు గాలికి నీ మోకాళ్ల నొప్పి ఎక్కువ కాలేదనీ తలుస్తాను.

తిజీరీ, ఈ ఉత్తరం మీ అమ్మమ్మకు నిదానంగా, గట్టిగా చదివి వినిపించు. మధ్యలో నీకు నవ్వొచ్చే చోట్లుంటాయి. ముందు చదివెయ్యి, తర్వాత నవ్వు. పోయినసారి సగం మాటలు నవ్వులో మింగేశావని అమ్మమ్మ నీ చేతే నాకు రాయించింది.

అమ్మా, ఫోనులో నువ్వు "ఎవరూ, ఎవరూ" అనడం, నేను వీధంతా వినేలా "నేనే, ఇజ్జాని" అని అరవడం తప్ప మన మధ్య ఒక్క మాటా నడవడం లేదు. నీ చెవులకు ఫోను కన్నా మనవరాలి గొంతే మేలు. అందుకే ఈసారి అన్నీ కూర్చుని రాస్తున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. ఖర్జూరం ఈ ఏడు బాగా దిగింది. నీ వాటా మూటకట్టి ఉంచాను, తాంజియర్ బస్సులో పంపుతాను. యమ్నా అక్క అడిగిన కంబళి ఇంకా మగ్గం మీదే ఉంది, తిట్టుకోవద్దని చెప్పు. తమ్ముడు సరిగా తింటున్నాడా అని అడిగావు. ఎడారిలో బండ్ల ర్యాలీ జరిగినన్నాళ్లూ, ఒక్క ఆఖరి రాత్రి తప్ప, హమ్మూ తన గుడారంలో వండింది వదిలేసి మా గుడారానికే వచ్చి తిన్నాడు. పగలంతా మమ్మల్ని ఓడించాలని చూసి, పొద్దుగూకేసరికి మా మాంసం రొట్టెలో పెద్ద ముక్క తుంచుకుని పోయేవాడు. వాడి కడుపు గురించి నువ్వు బెంగపెట్టుకోనక్కర్లేదు.

ఇక అసలు ప్రశ్న. "కొడుకు ఒక బండిలో, కూతురూ అల్లుడూ ఇంకో బండిలో. నేను ఎవరి కోసం దువా చెయ్యాలి? ఇద్దరూ గెలవాలని అడిగితే అల్లా నన్ను చూసి నవ్వడా?" అని రాయించావు. ఆ ముక్క చదివి మోహా తెగ సంబరపడ్డాడు. అత్తమ్మ చల్లగా ఉండాలి, పందెం మొదలవకముందే మన ఇంటికి గెలుపు రాసేసింది అన్నాడు. ఆ మాట నిజమైంది కూడా. ఎలాగో చెబుతాను విను.

హమ్మూ మా మరమ్మతు షెడ్డు వదిలి ఎర్ఫూద్‌లో సొంతంగా బండ్ల పని పెట్టుకున్నప్పుడు నువ్వు చాలా బాధపడ్డావు. వాడు అలిగి పోలేదమ్మా. "బావ పక్కనున్నంత కాలం నేను మోహా బావమరిదినే, హమ్మూని కాను" అన్నాడు. అందులో తప్పేముందని మోహా అప్పుడే ఒప్పుకుని, తన మంచి జాకీ ఒకటి వాడి బండిలో పెట్టి పంపాడు. ఈ ర్యాలీ వాడు తన చేత్తో కట్టుకున్న బండితో, దారి చెప్పడానికి తన పనివాడొకణ్ణి పక్కన పెట్టుకుని దిగిన మొదటి ర్యాలీ. అదీగాక ఈసారి గెలిచిన బండిలోని ఇద్దరినీ జనవరిలో అరబ్బుల ఎడారిలో జరిగే పెద్ద పందానికి తీసుకుపోతామని ఒక విదేశీ జట్టువాళ్లు చెప్పారు. మన వీధినుంచి అంత దూరం పందానికి పోయినవాళ్లు ఎవరూ లేరు. కాబట్టి పైకి ఎంత నవ్వుకున్నా, లోపల మేమందరం పళ్లు బిగబట్టుకునే ఉన్నాం.

ముందు పోయేవాడే గెలిచినట్టు కాదా అని కూడా అడిగావు. కాదమ్మా. పొద్దున బండ్లను కాస్త కాస్త ఎడం ఇచ్చి ఒకదాని వెనక ఒకటి వదులుతారు. ఎవరు ఎంతసేపట్లో పూర్తి చేశారన్నదే లెక్క, అలా రోజూ అయిన సేపు కూడుకుంటూ పోతారు. నిన్న గెలిచినవాడు ఇవాళ అందరికన్నా ముందు పోవాలి. చూడ్డానికి అది గౌరవంలా ఉంటుంది, నిజానికి శిక్ష. వాడి ముందు ఇసుక మీద ఒక్క చక్రపు జాడ కూడా ఉండదు. వెనక వచ్చేవాడు వాడి జాడ పట్టుకుని హాయిగా వచ్చేస్తాడు. దారంటూ ఒకటి ఉండదు కదా, రోడ్‌బుక్ అని ఒక బొమ్మల చుట్ట చేతికిస్తారు. ఇంత దూరం పోతే ఎండిన వాగు, వాగు దాటాక ఫలానా దిక్కు, అక్కడ కూలిన గోడ, అలా ఉంటుంది అందులో. అది చూసి దారి చెప్పడమే నా పని. మధ్యమధ్య కంటికి కనిపించని గుర్తులు పెడతారు. సరైన చోటునుంచి పోతే బండిలో ఉన్న చిన్న పెట్టె కూస్తుంది. కూయకపోతే తప్పిపోయినట్టే, దానికి శిక్షగా మన సేపుకు మరికొంత సేపు కలుపుతారు.

వర్జాజాత్‌లో మొదలైన మొదటి రోజున హమ్మూ గెలిచాడు. రాళ్ల నేల మీద వాడికి భయమన్నదే లేదు, నాన్న లారీ నడిపినట్టే ముక్కుసూటిగా పోతాడు. రెండో రోజు జగోరా దాటాక గాలిదుమారం లేచింది. జాడలన్నీ కుడివైపు పోతున్నాయి, మనమూ అటే పోదామని మోహా అన్నాడు. నేను ఎడమకే అన్నాను. బండి ఆగకుండానే కొట్లాడుకున్నాం. చివరికి నేను విసుక్కుని, "జాడ ఎవడు ఎటు పోయాడో చెబుతుంది, మనం ఎటు పోవాలో చెప్పదు" అన్నాను. సణుక్కుంటూనే ఎడమకు తిప్పాడు. కాసేపటికి పెట్టె కూసింది. దాహమేస్తోందా, నీళ్లు తాగు అన్నాడు మోహా. నీ అల్లుడు క్షమించమని అడిగే తీరు అది. ఆ సాయంత్రం మేం ముందున్నాం. మూడో రోజు జాడలేని ఇసుకలో మేం ముందు పోవాల్సి వచ్చి, హమ్మూ మా జాడ పట్టుకుని వచ్చి మళ్లీ ముందుకు పోయాడు. అలా తక్కెడ పళ్లాల్లా రోజుకొకరు పైకీ కిందికీ అవుతూ వచ్చాం. మిగతా బండ్లన్నీ ఎక్కడో వెనకపడ్డాయి. విడిదిలో అందరూ మా రెండు గుడారాలవైపే చూసేవాళ్లు.

హమ్మూకు నోరు ఊరుకోదు కదా. అక్క పక్కన లేకపోతే బావ పడకనుంచి వాకిట్లోకి కూడా దారి కనుక్కోలేడని అందరికీ వినపడేలా అనేవాడు. నీకు మీసం వచ్చింది గానీ బ్రేకు ఎక్కడుంటుందో ఇంకా తెలిసిరాలేదు అని మోహా అనేవాడు. ఒకరోజు ఎవరో సరదాకి, ఇజ్జా స్టీరింగ్ పడితే ఎలా ఉంటుంది అన్నారు. హమ్మూ రొట్టె నములుతూ, "అప్పుడు నేను మధ్యలో ఆగి ఓ కునుకు తీసి గెలుస్తా" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మోహా మాత్రం నా మొహంవైపు చూసి, టీ గ్లాసు కింద పెట్టాడు.

ఇక బొటనవేలి సంగతి. చివరి రోజుకు ముందురోజు, మెర్జూగా వైపు వస్తుండగా ఒక ఎండిన వాగులో ఇసుక కింద దాక్కున్న రాయికి ముందు చక్రం తగిలింది. స్టీరింగ్ ఒక్కసారి గిర్రున తిరిగి మోహా చేతిని కొట్టింది. కేక పెట్టలేదు. "ఆ రాయి బొమ్మల్లో లేదే" అని మాత్రం అన్నాడు. మిగిలిన దారంతా ఎడమచేత్తోనే నడిపాడు, దారిలో కనబడిన ప్రతి మేకనూ తిట్టుకుంటూ. విడిదికి చేరేసరికి ఆ వేలు వంకాయలా ఉంది. ఆ రోజు గెలుపు హమ్మూది. మొత్తం మీద వాడు మాకన్నా కోడిగుడ్డు ఉడికేంత సేపు ముందున్నాడు. డాక్టరమ్మ వేలికి కట్టుకట్టి, పక్క సీట్లో కూర్చుంటే కూర్చో, ఈ చెయ్యి స్టీరింగ్ మీద పెడితే మాత్రం ఒప్పుకోను అంది.

తిజీరీ, ఇక్కడ కాసేపు ఆగు. అమ్మమ్మకు ఓ గ్లాసు టీ పోసి చేతికివ్వు. చక్కెర కొంచెం ఎక్కువ వెయ్యి. తర్వాత చదువు.

అమ్మా, ఇంటికి వచ్చాక ఫోనులో "మోహా బాగా నడిపాడా" అని నువ్వడిగావు. అదొక్కటే నీకు స్పష్టంగా వినపడేలా జవాబు చెప్పాను, బండి బాగా నడిచింది అని. అబద్ధం చెప్పలేదు. కానీ ఆఖరి రోజు ఆ బండి నడిపింది మోహా కాదు. నేను.

నువ్వు ఏమంటావో నాకు తెలుసు. నా పెళ్లిలోనే అన్నావు, పక్కన కూర్చో, దారి చెప్పు, కానీ స్టీరింగ్ మాత్రం ముట్టుకోకు అని. ఒక జన్మకు ఒక లారీ కోసం వాకిట్లో నిలబడి ఎదురుచూసింది చాలు, ఇంకో బండి శబ్దం కోసం నేను చెవులు పెట్టుకుని కూర్చోలేను అన్నావు. ఆ మాట నేను మర్చిపోలేదు. నాన్న ఆలస్యమైన సాయంత్రాల్లో నువ్వు నిలబడిన గడప నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అందుకే మూడేళ్లుగా షెడ్డు వెనక మైదానంలో మోహా నాకు నేర్పుతున్న సంగతి నీకు రాయలేదు. బాగుచేసిన బండ్లను ఇసుకలోకి తీసుకుపోయి నడిపి చూసేది నేనేననీ, పందెంలో బండి నడిపే లైసెన్సు నాక్కూడా ఉందనీ రాయలేదు. కానీ అమ్మా, ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. బండి బోల్తా పడితే పక్క సీటు వేరే దారిన ఇంటికి వస్తుందా? ఎటు కూర్చున్నా నువ్వు ఎదురుచూసేది ఒకే బండి కోసం.

వేలికి దెబ్బ తగిలిన ఆ సాయంత్రం మేమిద్దరం గుడారం ముందు కూర్చున్నాం. ఇక మానుకుందాం, హమ్మూనే వెళ్లనీ అరబ్బుల ఎడారికి అన్నాను. నిజం చెప్పాలంటే నా మనసులో సగం అదే కోరుకుంది, చిన్నవాడు కదా. మోహా కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు.

"పోదాం. నువ్వు నడుపు, నేను చదువుతా" అన్నాడు.

"నువ్వు చదివితే మనం సరిహద్దు దాటి అల్జీరియాలో తేలతాం."

"తేలితే తేలుదాం. అక్కడ కూడా టీ దొరుకుతుంది."

నాకు నవ్వొచ్చింది. ర్యాలీ పెద్దల దగ్గరికి పోయి డాక్టరమ్మ చీటీ, నా లైసెన్సు చూపించాం. వాళ్లు సరేనన్నారు. ఆ రాత్రి హమ్మూ తన బండి సరిచేసుకునే పనిలో పడి మా గుడారానికి రాలేదు, వాడికి మాత్రం చెప్పొద్దని అందర్నీ నేనే బతిమాలాను. ఎందుకో నీకు అర్థమవుతుంది. అక్క నడుపుతోందని తెలిస్తే వాడు ముందుకు చూసి నడపడు, అద్దంలో వెనక్కి చూసుకుంటూ నడుపుతాడు. ఓడితే వాడి చేతిలో నిజంగా ఓడాలి, గెలిస్తే నిజంగా గెలవాలి అనిపించింది.

పొద్దున హమ్మూ ముందు బయల్దేరాడు. వాడి దుమ్ము కళ్లకు కనపడకుండా పోయాక మా వంతు వచ్చింది. జెండా పడింది, నేను క్లచ్ వదిలాను, బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. జెండా ఊపినాయన మర్యాదగా అటు తిరిగాడు. మోహా రోడ్‌బుక్‌లో తలపెట్టి, నాకేం కనపడలేదు అన్నాడు. మళ్లీ తాళం తిప్పాను. ఆ తర్వాత ఆగలేదు.

నీ అల్లుడు దారి చదవడం ఎలా ఉంటుందంటే, వాగు దాటేశాక వాగు వస్తోంది అంటాడు. ఎడమకు అంటాడు, ఎప్పుడు అంటే ఇందాకే అంటాడు. ఒక్క బొటనవేలితో ఆ చుట్ట తిప్పలేక ముందుకు రెండు బొమ్మలు, వెనక్కి ఒక బొమ్మ పోతుంటాడు. ఇన్నేళ్లూ నేను చెబుతుంటే నువ్వు ఆలస్యంగా తిప్పుతావని మోహాను తిట్టినదాన్ని, చెవులు రిక్కించి ప్రతి మాట కోసం ఎదురుచూశాను. పక్క సీట్లో ఉన్నవాళ్ల గొంతు ఎంత అవసరమో ఆ రోజు తెలిసింది. సగం దూరం పోయేసరికి మా ఇద్దరి లయ కుదిరింది. తను బొమ్మ రాకముందే చెప్పసాగాడు, నేను అడక్కుండానే తిప్పసాగాను.

తర్వాత నల్లగుట్ట వచ్చింది. హమ్మూ చక్రాల జాడ తాజాగా, తాడు పరిచినట్టు కుడివైపు పోతోంది. ఆ జాడ నాకు తెలుసమ్మా, వాడి మలుపు నాకు తెలుసు. నా చేతులు వాటంతటవే కుడికి తిరుగుతున్నాయి. మోహా ఎడమ అన్నాడు.

"తమ్ముడు కుడికి పోయాడు" అన్నాను.

"పోనీ. దిక్కు ఎడమకు చూపిస్తోంది."

"నువ్వు బొమ్మ తప్పు చూస్తున్నావేమో."

మోహా చుట్ట మీదనుంచి తలెత్తలేదు. "జాడ ఎవడు ఎటు పోయాడో చెబుతుంది. మనం ఎటు పోవాలో చెప్పదని మా ఆవిడ చెబుతుంటుంది" అన్నాడు.

నేను ఎడమకు తిప్పాను. ఎంతసేపు పోయినా పెట్టె కూయలేదు. ముందు ఒక్క జాడ లేదు, చదునైన నల్లరాయి, ఆ చివర ఆకాశం. తమ్ముడిని వదిలేసి తప్పుదారి పట్టానేమో అనిపించింది. మోహా పెదవులు కదులుతున్నాయి, దువా చదువుతున్నాడో దూరం లెక్కపెడుతున్నాడో తెలియలేదు. అప్పుడు కూసింది. గుట్ట అవతలనుంచి దుమ్ము తోక ఒకటి వెనక్కి తిరిగి వస్తుండడం చూశాం. హమ్మూ తప్పు తెలుసుకుని వెనక్కి వస్తున్నాడు.

అలా గుడ్డు ఉడికేంత సేపు తీరి, ఇంకాస్త మాకే మిగిలింది. కానీ ముందు మెర్జూగా దిబ్బలున్నాయి. ఇసుకలో హమ్మూను మించినవాడు లేడు, నీ కొడుకు ఇసుకలోనే నడక నేర్చాడు. నేను మూడు దిబ్బలు బాగానే దాటాను. నాలుగోదాని శిఖరం మీద భయమేసి కాలు వెనక్కి తీశాను. అంతే, బండి కడుపు ఇసుక మీద ఆనింది. దిగి చక్రాల్లో గాలి తగ్గించి, పార తీసుకుని తవ్వడం మొదలుపెట్టాను. మోహా ఒంటిచేత్తో చక్రాల కిందికి పలకలు తోస్తున్నాడు.

అప్పుడే పక్క దిబ్బ మీదుగా హమ్మూ బండి వచ్చింది. దాటి పోతే అయిపోయేది. వాడు ఆగాడు. మేమిద్దరం కింద ఉన్నాం కాబట్టి ఎవరు నడుపుతున్నారో వాడికి తెలిసే వీల్లేదు. మోహా కట్టు చేతిని చంకలో దాచుకుని అటు తిరిగి నిలబడ్డాడు. హమ్మూ కిటికీలోంచి తల బయటపెట్టి, "అక్కా, దెబ్బలేమైనా తగిలాయా?" అని అడిగాడు. ఏమీ లేదు, నువ్వు పో అని చెయ్యి ఊపాను. వాడు ఇంకోసారి నన్ను తేరిపార చూసి, అప్పుడు కదిలాడు.

ఆ తర్వాత నేనెలా నడిపానో నాకే సరిగా తెలియదు. బండి పైకి లేచాక మోహా చదవడానికి కూడా ఏమీ మిగల్లేదు, ముందున్నది ఇసుకా, హమ్మూ దుమ్మూ. ఒక్కటి మాత్రం నీతో చెప్పాలి. నాకు మళ్లీ భయమేస్తుందనుకున్నాను. వేయలేదమ్మా. దిబ్బ ఎక్కేటప్పుడు బండి ఊపిరి నా అరికాళ్లలోకి వచ్చింది. ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ వదలాలో ఇసుక చెబుతున్నట్టు ఉంది. అంత సంతోషం నాకు ఎప్పుడు కలిగిందో గుర్తులేదు. అది నీకు చెప్పకుండా ఉండడమే ఇన్నాళ్లూ నాకు కష్టమైంది, నడపడం కాదు.

ముగింపు గీత దాటాక లెక్క తేల్చడానికి వాళ్లకు కాస్త సేపు పట్టింది. హమ్మూ మాకన్నా ముందే చేరి, బండి మీద కూర్చుని కాళ్లూపుతున్నాడు. అప్పుడు పలకమీద రాశారు. వాడు మాకన్నా ముందు బయల్దేరిన సేపు లెక్కలోకి తీసుకుని, అన్ని రోజులూ కూడితే మేం గెలిచాం. ఎంత తేడాతో అంటావా, నువ్వు బిస్మిల్లా అని గ్లాసు పెదవులకు ఆనించేంత తేడాతో.

హమ్మూ కాళ్లూపడం ఆపాడు. తర్వాత దిగి, చేతులు చాచి, "బావా, దా, నిన్ను చంపేస్తా" అంటూ నవ్వుతూ వచ్చి స్టీరింగ్ వైపు తలుపు లాగాడు. నేను హెల్మెట్ తీశాను.

వాడు నన్ను చూశాడు. అవతల కూర్చున్న బావను చూశాడు, కట్టు చూశాడు. "దిబ్బల్లో కూడా నువ్వేనా?" అని అడిగాడు. అవునన్నాను. "నల్లగుట్ట దగ్గర?" అవునన్నాను. వాడు అక్కడే ఇసుకలో చతికిలబడి, మోకాళ్లలో తలపెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడేమోనని కంగారుగా దిగాను. నవ్వుతున్నాడమ్మా. ఒళ్లంతా ఊగిపోయేలా నవ్వుతున్నాడు. అక్క నడిపితే కునుకు తీసి గెలుస్తానన్నది ఎంతమంది విన్నారో లెక్కపెట్టుకుంటున్నాడట.

కానీ నాకు నవ్వు రాలేదు. వాడు నాకోసం దిబ్బ మీద ఆగిన సేపు, మేం గెలిచిన తేడాకన్నా ఎక్కువ. అది నాకు తెలుసు, వాడికీ తెలుసు. పెద్దల దగ్గరికి పోయి చెబుతాను, సాయం కోసం ఆగినవాళ్లకు ఆ సేపు తిరిగి ఇస్తారు కదా అన్నాను. వాడు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఎవరైనా ప్రమాదంలో పడితే ఆగినందుకు ఇస్తారు అది. నువ్వు ఇసుకలో పార పట్టుకుని ఉన్నావు, అంతే. నేను పందెంలో ఆగలేదక్కా, అక్కను చూసి ఆగాను. దాన్ని వాళ్ల గడియారంలో కలపమని అడగడానికి నాకు సిగ్గు" అన్నాడు.

నేను ఊరుకోలేదు. వాడికి తెలియకుండా పోయి చెప్పాను. పెద్దాయన అంతా విని హమ్మూను పిలిపించాడు. ఎందుకు ఆగావని అడిగితే, చక్రం సరిచూసుకోడానికి అని వీడు మొహంలో ఏ మార్పూ లేకుండా చెప్పాడు. పెద్దాయన మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, పలకమీద రాసిందే ఉంటుంది అన్నాడు. బయటికొచ్చాక హమ్మూ నాతో, వచ్చే ఏడు దిబ్బమీద చిక్కుకుంటే మాత్రం నీ మీద ఇసుక చల్లుకుంటూ పోతా అన్నాడు. అమ్మకు మాత్రం బావ చేతిలో ఓడానని రాయి అని కూడా బతిమాలాడు. చూశావుగా, ఆ ఒక్క మాటా నేను వినలేదు. నువ్వు వాడికి ఉత్తరం రాయించేటప్పుడు, ఆగినందుకు నాలుగు మంచిమాటలు రాయించు. నన్ను తిట్టదలిస్తే తిట్టు, నేను పడతాను. తిట్టే ముందు ఒక్కసారి మాత్రం సంతోషపడు.

ఇంతవరకు నిన్న రాసి ఆపాను. ఆపిందానికి కారణముంది. ఆ విదేశీ జట్టువాళ్లు జనవరిలో ఎవరు నడుపుతారు, ఎవరు చదువుతారు, ఈ నెలలోగా చెప్పమన్నారు. ఇంటికి వచ్చినప్పటినుంచి మోహా ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇన్నేళ్లుగా స్టీరింగ్ ముందు సీటు మోహాది. వేలు నయమైతే అది మళ్లీ తనదే అవుతుంది, అడిగే హక్కు నాకు లేదనుకుని, ఏమీ జరగనట్టు మగ్గం ముందు కూర్చుంటున్నాను. నిన్న కట్టు విప్పారు. వేలు వంగుతోంది, డాక్టరు ఇక నడపొచ్చన్నాడు. రాత్రి భోజనంలో కూడా ఇద్దరం ఎర్రమేక గురించే మాట్లాడుకున్నాం.

ఈ పొద్దున సంతకు బయల్దేరాం. నేను తలుపు గడియ పెట్టి వచ్చేసరికి మోహా బండి దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పటిలా తాళం వేలికి తిప్పుకుంటున్నాడు. తాళం బండి ముందు భాగం మీద పెట్టి, బుట్ట చంకన పెట్టుకుని, అటువైపు చుట్టూ తిరిగి పోయి పక్క సీట్లో కూర్చున్నాడు. కూర్చుని అద్దం దించి, "దారి తెలుసుగా, లేకపోతే నేను చెబుతా" అన్నాడు.

నేను తాళం తీసుకుని ఎక్కాను.

ఇట్లు,
నీ చేతి దువాలు కోరుకునే,
నీ రెండో కూతురు,
ఇజ్జా